జీఆర్86, బీఆర్‌జెడ్‌లకు వెడల్పు టైర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

టయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్ పేరుకి రెండు కార్లు, లోపల దాదాపు ఒకటే. అమెరికాలో అందుబాటు ధరకి దొరికే వెనక చక్రాల డ్రైవ్ స్పోర్ట్స్ కార్లు చాలా తక్కువ. అందుకే అక్కడి మన తెలుగు కుర్రాళ్లు కొందరు ఉద్యోగంలో కుదురుకున్నాక దీని వైపు చూస్తుంటారు. కారు ఇంటికొచ్చిన కొన్నాళ్లకే "టైర్లు మరీ సన్నగా ఉన్నాయి, వెడల్పువి వేయిద్దామా?" అనే ఆలోచన మొదలవుతుంది. కింద ఇచ్చిన లెక్కలు 2022 మోడల్ నుంచి వస్తున్న రెండో తరం కారువి. 2013–2020 మొదటి తరానికి తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

కంపెనీ ఇచ్చే సైజులు ఏమిటి?

బేస్ జీఆర్86కి 17×7.5 వీల్ (వ్యాసం 17, వెడల్పు 7.5 అంగుళాలు), 215/45 ఆర్17 టైరు, అదీ మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ. ప్రీమియం ట్రిమ్‌కి 18×7.5 వీల్, 215/40 ఆర్18 మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4. ఆఫ్‌సెట్ (దీని అర్థం కింద విడిగా చెప్పాను) ప్లస్ 48. బోల్ట్ ప్యాటర్న్ 5×100, అంటే 100 మి.మీ. వ్యాసం ఉన్న వలయం మీద ఐదు బోల్టులు. మధ్యలో హబ్ (చక్రం బిగించే ఇరుసు చివరి భాగం) కోసం ఉండే రంధ్రం 56.1 మి.మీ. మొదటి తరం కారుకి వీల్ 17×7, టైరు అదే 215/45 ఆర్17.

టైరు మీద అంకెలు చదవడం తెలియనివాళ్లకు ఒక్క మాట. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అంటే ఆ వెడల్పులో 40 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 86 మి.మీ. 18 అంటే రిమ్ వ్యాసం, అంగుళాల్లో. ఈ మూడూ కలిపితే టైరు మొత్తం ఎత్తు 629 మి.మీ. వస్తుంది. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

స్పోర్ట్స్ కారని చెప్పి 215 టైరు ఇచ్చారేంటి? ఖర్చు తగ్గించడానికా?

కాదు, కావాలనే ఇచ్చారు. మొదటి తరం 86ని తయారుచేసిన ఇంజనీర్ల బృందానికి పెద్ద టెట్సుయా టాడా. ల్యాప్ టైమ్ కోసం గ్రిప్ పెంచుకుంటూ పోవడం కన్నా, మామూలు వేగంలోనే కారు కదలిక డ్రైవర్ చేతికి తెలియాలన్నది ఆయన పట్టు. ప్రైమసీ హెచ్‌పీ టైరుని కొన్ని దేశాల్లో పెట్రోల్ ఆదా చేసే హైబ్రిడ్ కారు ప్రియస్‌కి కూడా వేసేవారు. దాంతో "ప్రియస్ టైర్ల కారు" అని వెక్కిరింపు మిగిలింది. కానీ వెనక చక్రం మెల్లగా జారడం, జారేముందే మనకి తెలియడం, మళ్లీ సర్దుకోవడం ఆ టైరు వల్లే సాధ్యమైంది.

రెండో తరంలో 2.4 లీటర్ల ఇంజన్ 228 హార్స్‌పవర్ ఇస్తుంది, బరువు సుమారు 1,280 కిలోలు. ఈ బలానికి 215 టైరు చాలదని చెప్పలేం. ట్రాక్ మీద పదేపదే నడిపితే మాత్రం ముందు టైర్ల బయటి అంచు త్వరగా అరిగిపోతుంది.

వెడల్పు టైరు వేస్తే నేలకి ఆనే భాగం ఎంత పెరుగుతుంది?

అందరూ అనుకున్నంత పెరగదు. ముందు చక్రం ఒక్కోదాని మీద సుమారు 340 కిలోల బరువు పడుతుంది. టైరులో 35 పీఎస్ఐ గాలి ఉంటే ఆ బరువుని మోయడానికి దాదాపు 138 చదరపు సెంటీమీటర్ల చోటు కావాలి. టైరు 215 అయినా 245 అయినా గాలి ఒకటే, బరువు ఒకటే, కాబట్టి చోటు కూడా ఇంచుమించు అంతే. టైరు గట్టిదనాన్ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది.

మారేది ఆ చోటు ఆకారం. సన్న టైరుకి అది పొడవుగా ఇరుగ్గా ఉంటుంది, వెడల్పు టైరుకి పొట్టిగా అడ్డంగా ఉంటుంది. మలుపులో టైరు పక్కకి మెలితిరిగినప్పుడు ఆ చోటు వెనక భాగమే ముందు జారడం మొదలుపెడుతుంది. పొడవు తక్కువైతే జారే భాగం తగ్గుతుంది, స్టీరింగ్ తిప్పగానే ముందు భాగం చురుగ్గా తిరుగుతుంది. రబ్బరు ఎక్కువ కాబట్టి వేడి కూడా ఎక్కువ చోట పంచుకుపోతుంది. ట్రాక్ మీద పదిహేను, ఇరవై నిమిషాల సెషన్‌లో అసలు లాభం ఇక్కడే. ఇంటినుంచి ఆఫీసుకి వెళ్లేటప్పుడు టైరు అంత వేడెక్కదు కాబట్టి ఈ రెండో లాభం కనపడదు.

అయితే ముందు వెడల్పు పెంచాలా, మంచి టైరు వేయాలా?

మంచి టైరు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతామంటే ఇది చదవండి.

ప్రైమసీ హెచ్‌పీ తీసేసి, అదే కంపెనీ వీల్ మీద 215 లేదా 225 వెడల్పులో పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటిదో, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్ కాంటాక్ట్ స్పోర్ట్ 02 లాంటిదో వేస్తే బ్రేకింగ్‌లో, మలుపుల్లో తేడా మొదటిరోజే తెలుస్తుంది. వీల్ కొనక్కర్లేదు, ఆఫ్‌సెట్ లెక్క అక్కర్లేదు, ఎక్కడా ఒరుసుకోదు. దీనికి బదులు 9 అంగుళాల వీల్ కొనేసి, డబ్బు అక్కడే అయిపోయి, దానికి చవకరకం 245 టైర్లు వేసుకునేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. చవక 245 కన్నా మంచి 215 మేలు. వానలో అయితే చాలా మేలు.

కారుకి ఇప్పటికే పైలట్ స్పోర్ట్ 4 ఉండి, ట్రాక్‌కి తరచూ వెళ్తూ, సెషన్ మధ్యలో టైరు వేడెక్కి పట్టు వదిలేస్తోందని మీకే తెలుస్తుంటే, అప్పుడు వెడల్పు గురించి ఆలోచించాలి.

ఏ వాడకానికి ఏ సైజు?

రోడ్డు మీదే తిప్పేవాళ్లు, 18 అంగుళాల కంపెనీ వీల్ ఉంచుకునేవాళ్లు: 225/40 ఆర్18. దీనికి 7.5 అంగుళాల రిమ్ సరిపోతుంది. ఎత్తు 637 మి.మీ., అసలు దానికన్నా 1.3 శాతం ఎక్కువ. గుంతలకి కొంచెం అదనపు సైడ్‌వాల్ కూడా దొరుకుతుంది. ఎక్కువమందికి ఇక్కడితో ఆగిపోవడమే మంచిదని నా అభిప్రాయం.

రోడ్డు మీద రోజూ, ట్రాక్ మీద అప్పుడప్పుడు: 17×9 వీల్, 245/40 ఆర్17. ఈ కారు ఉన్నవాళ్లలో బాగా స్థిరపడిన సైజు ఇదే, దానికి కారణం ఉంది. టైరు ఎత్తు 628 మి.మీ., కంపెనీ 18 అంగుళాల టైరుకి ఒక్క మిల్లీమీటరు తేడా. అంటే గేరింగ్ మారదు, స్పీడోమీటర్ మారదు, కారు ఎత్తు మారదు. సైడ్‌వాల్ 98 మి.మీ., చూడ్డానికి అంత స్టైల్‌గా ఉండదు కానీ కర్బ్ తగిలినా రిమ్ బతుకుతుంది.

18 అంగుళాలే కావాలంటే 18×8.5 మీద 235/40 ఆర్18, లేదా 18×9 మీద 245/35 ఆర్18. మొదటిదాని ఎత్తు 645 మి.మీ., 2.5 శాతం ఎక్కువ, కాబట్టి గేర్లు కాస్త పొడవుగా, అంటే ప్రతి గేరులో లాగుడు కొంచెం తగ్గినట్టు అనిపిస్తాయి. రెండోది 629 దగ్గరే ఉంటుంది, కానీ సైడ్‌వాల్ 86 మి.మీ. మాత్రమే.

255 వెడల్పుకి వెళ్లేవాళ్లు 17 అంగుళాల్లో 255/40, 18 అంగుళాల్లో 255/35 వాడతారు. రెండిటి ఎత్తూ సుమారు ఒక శాతమే ఎక్కువ. కానీ అక్కడికి వెళ్లాక ఫెండర్ (చక్రం పైన ఉండే బాడీ రేకు) అంచు లోపలికి మడవడం, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగి ఉండే కోణం) పెంచడం మామూలైపోతాయి. 245/40 ఆర్18 జోలికి మాత్రం పోకండి. సైజు పేరు బాగుంటుంది, ఎత్తు 653 మి.మీ. అయిపోతుంది.

ఇప్పుడున్న 7.5 అంగుళాల వీల్ మీదే 245 వేయించుకోవచ్చా?

టైరు ఎక్కుతుంది. ఎక్కించే షాపు కూడా దొరకొచ్చు. కానీ 245/40 ఆర్17కి తయారీదారులు చెప్పే రిమ్ వెడల్పు 8 నుంచి 9.5 అంగుళాలు. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు అంచులు లోపలికి ముడుచుకుని, పొట్ట బయటికి వస్తుంది. మలుపులో సైడ్‌వాల్ ఊగుతుంది, స్టీరింగ్ తిప్పాక కారు ఒక క్షణం ఆగి తిరిగినట్టుంటుంది. డబ్బు పెట్టి 215 కన్నా బద్ధకమైన కారు తెచ్చుకున్నట్టవుతుంది. రిమ్ అర అంగుళం మారితే అదే టైరు అసలు వెడల్పు సుమారు 5 మి.మీ. మారుతుంది కాబట్టి, టైరు మీద అంకె ఒక్కటే చూసి చోటు లెక్క వేయకూడదు.

ఇందుకు తలకిందుల పని ఇంకొకటి ఉంది: 9.5 అంగుళాల రిమ్ మీద 215ని సాగదీసి ఎక్కించడం. ఫోటోలకి బాగుంటుందంటారు. గుంతలో పడినప్పుడు రిమ్ నుంచి టైరు ఊడే ప్రమాదం ఉన్న పనిని నేను ఎవరికీ చెప్పను.

ఆఫ్‌సెట్ అంటే ఏమిటి? ప్లస్ 42 కొనాలా, ప్లస్ 45 కొనాలా?

వీల్ మధ్యగీతకీ, హబ్‌కి ఆనుకునే ముఖానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. ప్లస్ అంకె పెరిగేకొద్దీ వీల్ కారు లోపలికి జరుగుతుంది, తగ్గేకొద్దీ బయటికి వస్తుంది. లెక్క చేతితోనే వేసుకోవచ్చు. వీల్ వెడల్పుని 25.4తో గుణించి సగం చేయండి. అందులోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే హబ్ ముఖం నుంచి బయటి అంచు దూరం, కలిపితే లోపలి అంచు దూరం.

కంపెనీ వీల్ 18×7.5 ప్లస్ 48: సగం వెడల్పు 95 మి.మీ., బయటికి 47, లోపలికి 143.

17×9 ప్లస్ 42: సగం 114 మి.మీ., బయటికి 72, లోపలికి 156. అంటే కంపెనీ వీల్ కన్నా బయటికి 25 మి.మీ., లోపలికి 13 మి.మీ. ఎక్కువ.

17×9 ప్లస్ 45 అయితే బయటికి 22, లోపలికి 16 ఎక్కువ.

ఈ మూడు మిల్లీమీటర్లే అసలు బేరం. ప్లస్ 45లో ఫెండర్‌కి ఊపిరాడుతుంది, కానీ ముందు స్ట్రట్‌కి (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఉండే నిలువు భాగం) టైరు దగ్గరవుతుంది. ప్లస్ 42లో దానికి వ్యతిరేకం. కంపెనీ సస్పెన్షన్ ఉంచుకుని, క్యాంబర్ పెద్దగా మార్చనివాళ్లకి ప్లస్ 45 సులువు. కాయిలోవర్లు (ఎత్తు సర్దుకోగల స్ప్రింగ్, షాక్ సెట్), స్ట్రట్ పైన క్యాంబర్ సర్దే ప్లేట్లు ఉంటే ప్లస్ 42, ఇంకాస్త తక్కువ కూడా నడుస్తాయి. 18×9.5 ప్లస్ 38 అనేది కూడా ప్రకటనల్లో తరచుగా కనిపిస్తుంది. అది బయటికి 35 మి.మీ. వస్తుంది. కారు దించకుండా, క్యాంబర్ లేకుండా అది టైరుని ఫెండర్ బయటపెడుతుంది.

ఆఫ్‌సెట్ తగ్గించేకొద్దీ స్టీరింగ్ కూడా మారుతుంది. టైరు మధ్యభాగం స్టీరింగ్ ఇరుసు గీతకి దూరమై, రోడ్డు మీద గాడి ఎటుంటే కారు అటు లాగడం, ఒక చక్రం గుంతలో పడితే చేతిలో స్టీరింగ్ గుంజుకోవడం ఎక్కువవుతాయి. వెడల్పు టైర్లకి ఇది ఎలాగూ కొంత ఉంటుంది, తక్కువ ఆఫ్‌సెట్ దాన్ని పెంచుతుంది.

టైరు ఎక్కడెక్కడ ఒరుసుకుంటుంది?

ముందు వైపు మూడు చోట్లు చూడాలి. ఒకటి, లోపల స్ట్రట్, స్ప్రింగ్ కూర్చునే పళ్లెం. రెండు, ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేసినప్పుడు ఇక్కడ గరగరమంటుంది. మూడు, ముందు బంపరూ ఫెండరూ కలిసే చోట బోల్ట్ ఉన్న చిన్న రేకు. బయటికి వచ్చిన టైరు గుంతలో పైకి లేచినప్పుడు దీనికి కోసుకుంటుంది. వెనక కూడా బంపర్ కలిసేచోట ఇలాంటిదే ఉంటుంది.

లైనర్‌కి అప్పుడప్పుడు రాసుకోవడం పెద్ద విషయం కాదు, ప్లాస్టిక్ అరిగి ఊరుకుంటుంది. స్ట్రట్‌కి, రేకుకి తగలడం మాత్రం ఒక్కసారి కూడా ఒప్పుకోకూడదు. లోపల టైరుకీ స్ట్రట్‌కీ మధ్య కనీసం 4, 5 మి.మీ. ఖాళీ ఉండాలి.

టైరు ఎక్కించకముందే ఒట్టి వీల్‌ని హబ్‌కి పెట్టి చూడమని షాపువాళ్లని అడగండి. టైరు ఎక్కించిన వీల్‌ని చాలామంది వెనక్కి తీసుకోరు.

క్యాంబర్ బోల్టులు వేస్తే సరిపోతుందా?

ఈ కారులో ముందు క్యాంబర్ కంపెనీ నుంచి దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. స్ట్రట్ కింద బోల్టుల బదులు సన్నటి క్యాంబర్ బోల్టులు వేస్తే సుమారు ఒకటి, ఒకటిన్నర డిగ్రీ వస్తుంది. ఒక్కో డిగ్రీకి టైరు పైభాగం సుమారు 5 మి.మీ. ఫెండర్ లోపలికి వెళ్తుంది. ఖర్చు తక్కువ, ట్రాక్ మీద బయటి అంచు అరుగుదల బాగా తగ్గుతుంది.

దీంట్లో ఒక మెలిక ఉంది. కింద బోల్టుతో వచ్చే క్యాంబర్ చక్రాన్ని స్ట్రట్ మీదికి వంచుతుంది, అంటే లోపలి ఖాళీ తగ్గిపోతుంది. పైన క్యాంబర్ ప్లేట్‌తో వచ్చేది స్ట్రట్‌నీ చక్రాన్నీ కలిపి వంచుతుంది, లోపలి ఖాళీ అలాగే ఉంటుంది. ప్లస్ 45 వీల్ మీద 245 టైరు వేసి, కింద బోల్టులతో క్యాంబర్ లాగితే స్ట్రట్‌కి ఎందుకు తగిలిందో అర్థంకాక తల పట్టుకునేది ఇందుకే. ముందు క్యాంబర్ ఎలా తేవాలో తేల్చుకుని, తర్వాత ఆఫ్‌సెట్ ఎంచుకోండి.

రోడ్డుకి, ట్రాక్‌కి కలిపి ముందు రెండు డిగ్రీల లోపు సరిపోతుంది. ఏది మార్చినా తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. టైర్లని తినేది ఎక్కువగా తప్పు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), క్యాంబర్ కాదు.

17 అంగుళాలా, 18 అంగుళాలా?

17. టైరు ధర తక్కువ, బరువు తక్కువ, సైడ్‌వాల్ ఎక్కువ. 18కి వెళ్లడానికి రెండే మంచి కారణాలు: కళ్లకి నచ్చడం, బ్రేకులు. 2024 బీఆర్‌జెడ్ టీఎస్‌కి, పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్న జీఆర్86కి బ్రెంబో కంపెనీ బ్రేక్ క్యాలిపర్లు (డిస్క్‌ని పట్టే భాగాలు) వచ్చాయి. వాటి మీద కొన్ని 17 అంగుళాల వీల్స్ కూర్చోవు. వీల్ అమ్మేవాళ్ల దగ్గర బ్రేక్ టెంప్లేట్ ఉంటుంది, కాగితం మీద ప్రింట్ తీసుకుని క్యాలిపర్‌కి ఆనించి చూసుకోవచ్చు.

మా బావగారి దగ్గర సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ పాత వీల్స్ ఉన్నాయి. ఊరికే ఇస్తానంటున్నారు, పనికొస్తాయా?

ఏ సంవత్సరం కారువో అడగండి. 2015 నుంచి వచ్చిన డబ్ల్యూఆర్‌ఎక్స్‌లకి బోల్ట్ ప్యాటర్న్ 5×114.3, మన కారుకి ఎక్కవు. ఎస్‌టీఐ అయితే 2005 నుంచే 5×114.3. అంతకుముందు మామూలు డబ్ల్యూఆర్‌ఎక్స్‌కి 5×100, హబ్ రంధ్రం కూడా 56.1. అవి కూర్చుంటాయి, కాకపోతే ఆఫ్‌సెట్ 50 దాటి ఉంటుంది, లోపల స్ట్రట్ వైపు చోటు కొలుచుకోవాలి. ఉచితంగా వచ్చిన వీల్ వంకర లేకుండా ఉందో లేదో బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి చూడండి.

బయట కొనే వీల్స్‌కి మధ్య రంధ్రం చాలావరకు 73.1 మి.మీ. ఉంటుంది. 73.1 నుంచి 56.1కి హబ్ రింగులు వేయించుకోండి, లేకపోతే హైవే మీద స్టీరింగ్ వణకొచ్చు.

నట్ల దగ్గర ఇంకో తికమక. కారు మీద టయోటా బొమ్మ ఉన్నా లోపలి సరుకు సుబారుది కాబట్టి జీఆర్86 స్టడ్ (నట్టు బిగించే మర కడ్డీ) ఎం12×1.25. చాలా టయోటాల్లో వాడే ఎం12×1.5 నట్టు ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే స్టడ్ పాడవుతుంది. బిగింపు 120 న్యూటన్ మీటర్లు, అంటే 89 పౌండ్ ఫీట్. ఇంపాక్ట్ గన్‌తో కాకుండా టార్క్ రెంచ్‌తో బిగించి, 50–100 మైళ్లు తిరిగాక మళ్లీ చూసుకోవాలి.

స్పేసర్లు వేసుకోవచ్చా?

స్పేసర్ అంటే హబ్‌కీ వీల్‌కీ మధ్య పెట్టే పలక. 3, 5 మి.మీ.ది వేస్తే నట్టు పట్టుకునే మరలు అంత తగ్గుతాయి. ఎం12×1.25 స్టడ్ మీద నట్టు కనీసం పది చుట్లు తిరగాలి. వేలితో తిప్పుతూ లెక్కపెట్టండి. పది రాకపోతే పొడవు స్టడ్లు వేయించండి లేదా స్పేసర్ మానేయండి. హబ్‌కి సరిగ్గా కూర్చునే రకమే కొనండి.

వెనక వెడల్పు, ముందు సన్నం వేస్తే?

పోర్షే 911కి అలా ఉంటుంది కదా అని అడుగుతారు. ఆ కారుకి ఇంజన్ వెనక ఉంది, బరువంతా అక్కడే ఉంది. మన కారుకి ముందు 53, వెనక 47 శాతం. కంపెనీ నాలుగూ ఒకే సైజు ఇచ్చి, దానికి తగ్గట్టు సస్పెన్షన్ సర్దింది. వెనక మాత్రమే పెంచితే ముందు భాగం మలుపులో బయటికి తోసుకుపోతుంది. పైగా టైర్లు ముందువి వెనక్కి మార్చుకునే వీలు పోతుంది, కాబట్టి నాలుగూ ఒక్కటే ఉంచండి.

లోడ్ ఇండెక్స్ పట్టించుకోవాలా?

డ్రైవర్ వైపు తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్నదానికి తగ్గకూడదు, అంతే. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, 91 అంటే 615. వెడల్పు టైర్లకి ఈ అంకె మామూలుగా ఎక్కువే ఉంటుంది.

స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా?

ఎత్తు మారితేనే. 235/40 ఆర్18 వేస్తే మీటరు 60 మైళ్లు చూపినప్పుడు అది లెక్క వేసే వేగం కన్నా కారు 2.5 శాతం ఎక్కువ వెళ్తుంది, అంటే సుమారు ఒకటిన్నర మైలు. ఎత్తు 3 శాతం లోపు ఉంచుకుంటే ఏబీఎస్‌కీ ఇబ్బంది ఉండదు.

వానలో, మంచులో వెడల్పు టైరు సంగతేంటి?

నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైరు త్వరగా తేలుతుంది. ఎక్కువ నీటిని పక్కకి నెట్టాలి, ఒక్కో సెంటీమీటరు వెడల్పు మీద పడే బరువు తక్కువ. గాడి అరిగిన టైరైతే మరీ ప్రమాదం. హ్యూస్టన్ లాంటి చోట కుండపోత వానలో 245 టైర్లతో 65 మైళ్ల వేగంలో వెళ్లడం వద్దు.

న్యూజెర్సీ, షికాగో, మిషిగన్ వాళ్లకి వేరే మాట. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే సమ్మర్ టైరు రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. గడ్డకట్టే చలిలో కదిపితే రబ్బరు పగిలే అవకాశం ఉందని తయారీదారులే హెచ్చరిస్తారు. అందుకే గ్యారేజీలో నుంచి ఒక్క అడుగు కూడా కదపకండి. చలికాలానికి విడిగా 17 అంగుళాల వీల్స్ మీద 215/45 లేదా 205/50 వింటర్ టైర్లు పెట్టుకోండి. మంచులో సన్న టైరే దిగబడి పట్టుకుంటుంది.

ట్రెడ్‌వేర్ 200 టైర్లు రోజూ వాడొచ్చా? ఇంజన్‌కి ఏమైనా ప్రమాదమా?

ట్రెడ్‌వేర్ అంటే టైరు ఎంత మెల్లగా అరుగుతుందో చెప్పే అంకె, తక్కువైతే త్వరగా అరుగుతుంది. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా అడ్వాన్ ఏ052, ఫాల్కెన్ ఆర్‌టీ660 ఈ కోవలోవి. రోడ్డు మీద నడపడం చట్టబద్ధమే, కానీ మోత, వానలో భయం, త్వరగా అరగడం తప్పవు. 245 వెడల్పులో ఇవి వేస్తే కారు మలుపులో వేసే పక్కబలం కంపెనీ టైర్లతో పోలిస్తే చాలా ఎక్కువ.

ఇక్కడ ఇంజన్ ప్రస్తావన వస్తుంది. రెండో తరం 2.4 లీటర్ల ఇంజన్‌లో, సాగదీసిన కుడి మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ పడిపోవడాన్ని ట్రాక్‌కి వెళ్లేవాళ్లు గేజ్‌లు పెట్టి గమనించారు. టైరు ఎంత పట్టుకుంటే నూనె అంత పక్కకి పోతుంది. ప్రతి సెషన్ ముందు డిప్‌స్టిక్ చూసి, నూనె పై గీత దగ్గర ఉంచుకోండి. వీల్ బేరింగుల మీద భారం కూడా పెరుగుతుంది. హైవే మీద వేగంతోపాటు పెరిగే హూంకారం వినిపిస్తే టైరు మోత అనుకుని వదిలేయకుండా చూపించండి.

ఆటోక్రాస్‌కి (ఖాళీ స్థలంలో కోన్ల మధ్య ఒక్కో కారుకీ టైమ్ చూసే పోటీ) వెళ్లే ఉద్దేశం ఉంటే ఇంకో సంగతి. వాటిని నడిపే ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) స్ట్రీట్ క్లాసుల్లో వీల్ వెడల్పు కంపెనీ ఇచ్చినదే ఉండాలి. 9 అంగుళాల వీల్‌తో వెళ్తే మిమ్మల్ని బాగా మార్పులు చేసిన కార్ల మధ్య నిలబెడతారు.

వారంటీ పోతుందా? ఇన్సూరెన్స్‌కి చెప్పాలా?

అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. బయటి వీల్ వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయడం కుదరదు, ఆ వీల్ వల్లే ఈ చెడు జరిగిందని వాళ్లు చూపించాలి. బేరింగ్, సస్పెన్షన్ విషయంలో అలా చూపించడం వాళ్లకి పెద్ద కష్టం కాదని కూడా గుర్తుంచుకోండి. ఇన్సూరెన్స్‌కి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే దొంగతనం జరిగినప్పుడు కంపెనీ వీల్ ధరే కడతారు. టైరు ఫెండర్ దాటి బయటికి రాకూడదని చాలా రాష్ట్రాల్లో నియమం ఉంది. కొత్త వీల్స్‌కి టైర్ ప్రెషర్ సెన్సర్లు కూడా వేయించుకోండి, లేదంటే డాష్‌బోర్డ్ మీద పసుపు దీపం వెలుగుతూనే ఉంటుంది, నిజంగా గాలి తగ్గినప్పుడు మీకు తెలియదు.

ఖరీదైన వీల్ డిజైన్‌కి నకలు సగం ధరకే దొరుకుతోంది. కొనాలా?

ట్రాక్‌కి వద్దు. జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలు (వీల్ బలానికి జపాన్ ప్రమాణాలు) ఉన్నాయో లేదో చూడండి, ఉన్నా అమ్మేవాడి పేరు కూడా చూడండి, ముద్ర కొట్టడం ఎవరికైనా వచ్చు. ఫోర్జ్‌డ్ వీల్ (లోహాన్ని ఒత్తిడితో నొక్కి చేసినది) కొనే స్తోమత లేకపోతే పేరున్న కంపెనీ ఫ్లో-ఫార్మ్‌డ్ వీల్ (పోత పోసి, అంచుని రోలర్లతో సాగదీసినది) కొనండి. బలం, బరువు, ధర మూడూ మధ్యస్థంగా ఉంటాయి.

ఇండియాలో మా తమ్ముడు తన కారుకి ఇదే పని చేయించాలనుకుంటున్నాడు. ఏం చెప్పాలి?

జీఆర్86ని టయోటా ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు, కాబట్టి అతని కారు వేరే ఏదో అయి ఉంటుంది. లెక్కలు అవే, చట్టం వేరు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే మోడల్ పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన వీల్, టైరు సైజు వేసుకుంటే, రేపు క్లెయిమ్ దగ్గర వాదించుకోవడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ఫెండర్ దాటి బయటికి వచ్చే టైరు వద్దే వద్దు.

సైడ్‌వాల్ తగ్గించొద్దనీ చెప్పండి. హైదరాబాద్ వానాకాలంలో నీళ్ల కింద ఏ గుంత ఉందో కనపడదు, 35 ప్రొఫైల్ టైరు ఆ గుంతలో పడితే టైరుతోపాటు రిమ్ కూడా వంగుతుంది. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లే అలవాటుంటే, రోడ్డుకి కంపెనీ సైజే ఉంచుకుని ట్రాక్‌కి విడిగా ఒక సెట్ పెట్టుకోవడం మంచిది.

కంపెనీ వీల్స్ అమ్మేయమంటారా?

వద్దు. కారు అమ్మేటప్పుడు వాటితో సహా ఇస్తే మంచి ధర వస్తుంది. లీజు కారైతే తిరిగి ఇచ్చేటప్పుడు అవే ఉండాలి. కడిగి, ఆరబెట్టి, ఎండ తగలని చోట పడుకోబెట్టి ఉంచండి. లేదా వింటర్ టైర్లకి వాటినే వాడండి. ట్రాక్‌కి విడి సెట్ తీసుకెళ్లేవాళ్లకి ఈ కారులో ఒక సౌకర్యం ఉంది: వెనక సీటు మడిస్తే నాలుగు టైర్లూ లోపలే పడతాయి, అలా పట్టేలాగే దీన్ని తయారుచేశారు. 17 అంగుళాల 245లు కూడా పడతాయి. రెండు నిలబెట్టి, రెండు పడుకోబెట్టి సర్దుకోవాలి, జాక్, టార్క్ రెంచ్ ముందు ప్యాసింజర్ వైపు పెట్టుకోవాలి.